గోడమీద నీడ

కర్నూలు నుంచి తంతి వచ్చింది. మా చిన్న మరిది జ్వరంతో పోయాడు. బట్టల కొట్టు తరఫున ఊరూరా తిరిగి బేరాలు తెచ్చే ఉద్యోగం అతనిది. ఇంట్లోకంటే మోటారు బస్సులోనే ఎక్కువ కాలం గడిపాడు. పోవడం కూడా ప్రయాణంలోనే పోయాడు. కడపలో మేమంతా ఏడ్చి, కర్మకు ఏర్పాట్లు మొదలుపెట్టాక తెలిసింది: లోకానికంతా ఫొటోలు తీసిన మనిషిది ఇంట్లో ఒక్క ఫొటో లేదు.

అతని భార్య, నా తోడికోడలు, నా చెయ్యి పట్టుకుంది. “మనవళ్లు అడిగితే ఏం చూపెట్టాల అక్కా?”

అతని కెమెరా కోటు జేబులో పట్టేది. మొదట్లో పగలే తీయబోయాడు. బేతంచెర్ల స్టేషను బయట రాళ్లు దించే కూలీలు ఏదో చెప్పుకుని నవ్వుతుంటే కెమెరా బయటికి తీశాడట. నవ్వులు ఆగిపోయాయి. ఒకాయన ఇంటికి పరుగెత్తి తలపాగా తెచ్చుకున్నాడు. ఇంకొకాయన కుర్చీ తెప్పించాడు. అందరూ వరసగా నిలబడి, శిక్ష వినబోయే ముద్దాయిల్లా చూశారు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని తరిమిన ఊళ్లు వేరే.

అందుకే రాత్రులకు మారాడు. పని ముగించుకుని పెట్రోమాక్సు వెలిగే చోటికి పోయేవాడు. ఏ మూట మీదో కెమెరా ఆనించి, చాలని వెలుతురుకు దాని కన్ను కాసేపు తెరిచి ఉంచి, ఊపిరి బిగబట్టి వంగి నిలబడేవాడు. ఎవరో బాటసారి అలిసిపోయాడనుకుని జనం తమ పని తాము చూసుకునేవాళ్లు. ఒంటిమిట్టలో వెన్నెల్లో రాములవారి కల్యాణం జరుగుతుంటే, ఈ మహానుభావుడు పెళ్లికి వీపు పెట్టి, గాజులు బేరమాడే ఆడవాళ్లను ఫొటో తీసుకొచ్చాడు.

“దేవుడు యాడప్పా?” అన్నాను.

“దేవుణ్ణి అందరూ చూస్తాండారు గదా వదినా. వీళ్లనెవరు చూస్తాండారు?”

ఆ ఫొటోల్లో చేతులూ మొహాలూ సగం అలికినట్టు పడేవి. పొయ్యి పొగలో తీశావా అని ఎగతాళి చేస్తే, “కదలనీలే వదినా, బతికినోళ్లు కదలకుండా యాడుంటారు?” అనేవాడు. నన్నూ వదల్లేదు. భోజనానికి ఆలస్యంగా వచ్చాడని లాంతరు ముందు కూర్చుని తిడుతుంటే, అన్నీ విన్నట్టే విని నన్ను ఫొటో తీసేశాడు. “తిట్టేటప్పుడు శానా కళగా ఉంటావు వదినా.” నోరు తెరుచుకున్న ఆ ఫొటో నా పెట్టెలో భద్రంగా ఉంది. ఎవరికీ చూపించను.

కర్మకు ముందు రోజు తోడికోడలూ నేనూ అతని ఫొటోలన్నీ చాప మీద పరిచి కూర్చున్నాం. కర్నూలులో బస్సులు ఆగే చోట బజ్జీలు వేసే ఆమె ఫొటో ఒకటి చేతికొచ్చింది. ఎవరి మాటకో నవ్వుతోంది. చిల్లుల గరిటె పట్టిన చెయ్యి పొగలా పడింది. ఆమె వెనక సున్నపు గోడ. గోడ మీద, ఆమె భుజం పక్కనే ఒక నీడ. పొట్టి కోటు, వంచిన మెడ, ఎన్నిసార్లు సర్దినా ఒక పక్కకే ఒరిగే టోపీ. దీపం అతని వెనక ఉన్నట్టుంది.

“ఈయనే!” అని తోడికోడలు అరిచింది.

మా పెద్దాడబిడ్డ తొంగి చూసింది. “బజ్జీలామె బతికుండాది గదమ్మా! బతికుండే మనిషి పటానికి దండ ఏస్తారా? విన్నోళ్లు ఉమ్మేస్తారు. ఆమెను కత్తిరించి పారేయండి.”

తోడికోడలు ఫొటోను గుండెకు హత్తుకుంది. “ఆయన చూస్తాండేది ఆమెనే గదా. ఆమెను తీసేస్తే ఉత్త గోడను చూస్తా నిలబడల్లా?”

మొగుడు పరాయి ఆడదాన్ని చూస్తున్నాడని పోట్లాడే ఇల్లాళ్లను చాలామందిని చూశాను. చూడనియ్యండని పోట్లాడినది ఈమె ఒక్కతే.

“దండ వద్దులే, దీపం పెడదాం,” అన్నాను. “ఆమె బజ్జీలకూ వెలుతురు కావాల గదా.”

ఆడబిడ్డ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. తోడికోడలు అదీ లేకుండా నవ్వేసింది.

మా ఇంటి గోడ మీద పెద్దల పటాలన్నిటికీ దండలున్నాయి, ఆ ఒక్కదానికి తప్ప. సాయంత్రం తోడికోడలు దాని కింద దీపం వెలిగిస్తుంది. గాలికి ఒత్తి ఊగినప్పుడల్లా బజ్జీలామె చెయ్యి బాణలి మీద ఇంకా ఆడుతున్నట్టే ఉంటుంది. పక్కనున్న నీడ మాత్రం కదలదు. ఊపిరి బిగబట్టి ఉంది.