బావ కళ్ళజోడు మీద కళ్ళజోడు

నాకు ఇరవై రెండేళ్ళున్న రోజుల్లో లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. నలభై దాటాక వెనక్కి చూసుకుంటే, అప్పుడు తెలిసినవాటిలో నిజంగా వచ్చింది కళ్ళజోడు స్క్రూ బిగించడం ఒక్కటే. కర్నూలులో ఒక అద్దాల షాపులో పనికి చేరి ఆరు నెలలు కాకముందే ఇంట్లోవాళ్ళు నన్ను 'కంటి డాక్టరు' అనడం మొదలుపెట్టారు (ఎగతాళికే. నేను మాత్రం బిరుదుగా తీసుకున్నాను). ఆ బిరుదును నమ్ముకున్నందుకు మా బావకు ఏం జరిగిందో, ఇన్నేళ్ళూ నేను ఏం జరిగిందని చెబుతూ వచ్చానో, రెండింటినీ ఈరోజు పక్కపక్కన పెట్టాలి.

బావ అంటే మా మేనత్త కొడుకు. కోడుమూరులో లెక్కల మాస్టరు, మైనస్ ఆరు పవరు. అద్దాలు తీస్తే ఎదురుగా వస్తున్నది హెడ్మాస్టరో పాలిచ్చే ఎనుమో దగ్గరికొచ్చేదాకా తెలియదు (ఒకసారి ఎనుముకు నమస్కారం పెట్టాడని నేనే ఊరంతా చెప్పాను. అదీ కల్పితమే, పనిలో పనిగా ఒప్పుకుంటున్నాను). ఆయన స్నేహితుడి నాన్నకు బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆ స్నేహితుడు హైదరాబాదు నుంచి అరడజను ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు తెచ్చాడు. చూపుకు అసలు తుపాకులే, లోపల మాత్రం కందిగింజంత ప్లాస్టిక్ గుండ్లు. ఆదివారం మిషన్లు ఆగాక, నిలబెట్టిన బండల వరుసల మధ్య రెండు జట్లుగా దాక్కుని కాల్చుకునేవాళ్ళం (సీమవాళ్ళ చేతిలో తుపాకి అనగానే కోస్తా చుట్టాలు ఏం ఊహించుకుంటారో తెలుసు. మేము మధ్యలో ఆట ఆపి ఉగ్గాని, బజ్జీ తినేవాళ్ళం). ఆ గుండు మరక వదలదు, సాక్షీ ఉండడు. అందుకే ఆటకు ఒకటే నియమం: తగిలినవాడే చెయ్యెత్తి 'తగిలింది' అని చెప్పి బయటికి పోవాలి.

ఒక శనివారం బావ షాపుకొచ్చాడు. అప్పటికే రెండు సంబంధాలు ఆయన సోడాబుడ్డి అద్దాలు చూసి వెనక్కి పోయాయి. మూడో పిల్ల, నంద్యాల పిల్ల, ఫోటో చూసి 'అద్దాలుంటే ఏం, బాగా చదువుకున్నాయన మాదిరి ఉన్నాడు' అందట. పెళ్ళిచూపులు గురువారం. ఆ ఒక్క మాటతో బావ వారం నుంచి అన్నం కూడా నవ్వుకుంటూ తింటున్నాడు.

"రేయ్ డాక్టరూ, అద్దాలుండేవోడు అద్దాల మీద ఏం పెట్టుకోవల్లో చెప్పు. గురువారం దాకా ఈ మొగం భద్రంగా ఉండల్ల."

"అట్లైతే రేపు ఆట మానుకోరాదా బావా?"

"మానుకుంటే పెండ్లి కాకముందే భయపడ్తాండాడంటారు ఆ నాయాండ్లు."

సరే, వైద్యం మొదలుపెట్టాను. ఈతకొట్టేవాళ్ళ అద్దాలు కళ్ళజోడు మీద పట్టలేదు. హెల్మెట్ పెడితే తుపాకి చెంపకు ఆనలేదు. పిండి జల్లెడ అడ్డం పెడితే, "మనుషులు గళ్ళుగళ్ళుగా కనపడ్తాండారురా" అన్నాడు. చివరికి ఫ్యాక్టరీలో బండలు కోసేవాళ్ళు పెట్టుకునే వెడల్పాటి గాగుల్స్ కుదిరాయి. కళ్ళజోడును మొత్తం మింగేసి, చుట్టూ మొహానికి అతుక్కున్నాయి. కానీ రెండు నిమిషాల్లో లోపల ఆవిరి పట్టేసింది. "కర్నూల్లో మంచు పడ్తాండాదిరా," అన్నాడు బావ, చేతులతో గోడ తడుముకుంటూ.

షాపు యజమాని సాబు కౌంటరు వెనక నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "బేటా, గాలికి కంతలు పెట్టు. గాని గుండు దూరకుండా సన్నగా పెట్టు. ఒక గుండు తెచ్చి ఆనించి చూడు. నాలుగు దినాలాగితే ఆయన పవరుతోనే గాగుల్స్ లోపల ఇమిడే అద్దాలు చేయిస్తా."

"సరే సాబ్," అన్నాను. కానీ ఆట రేపే, పైగా నేను డాక్టరును. స్క్రూడ్రైవరును స్టవ్ మీద ఎర్రగా కాల్చి గాగుల్స్ పైఅంచున వరుసగా ఆరు కంతలు పెట్టాను. స్క్రూడ్రైవరు కొంచెం లావుది. గుండు ఆనించి చూడలేదు. ఆవిరి మాత్రం మాయమైంది. "నీ చేతిలో ఏందో ఉందిరా," అన్నాడు బావ.

మరుసటిరోజు మొదటి అరగంటలో బావ ముగ్గుర్ని బయటికి పంపించాడు. అంతలో బండల దిమ్మె ఎక్కిన ఒకడు పైనుంచి కాల్చాడు. నేను పక్క వరుసలోనే ఉన్నాను, చూశాను. గుండు నేను పెట్టిన మూడో కంతలో నుంచి దూరి, గాగుల్స్‌కూ కళ్ళజోడుకూ మధ్య చిక్కుకుంది. బావ తల విదిలిస్తే అది ఈ కంటి ముందు నుంచి ఆ కంటి ముందుకు పోయింది. "లోపల ఉండాదిరా, లోపల ఉండాది," అంటూ తేలు దూరినట్టు గంతులేసి, గాగుల్స్, కళ్ళజోడు రెండూ పీకి పారేసి, చూపు లేకుండా పరుగెత్తి నేరుగా బండకు కొట్టుకున్నాడు. లేచేసరికి ఎడమ కన్ను వంకాయ రంగులో ఉంది.

"ఏం జరిగింద్రా? నాకేం తెలియలేదు. నువ్వు చూసినావు కదా, నువ్వే చెప్పు," అన్నాడు.

అందరూ నావైపు చూశారు. "లోపలుండేది చెమట చుక్క బావా, ఓపిక లేక మధ్యలో గాగుల్స్ తీసేసినావు. వద్దంటానే ఉన్నా," అన్నాను. గాగుల్స్‌ను రాతిపొడి గుట్టలో పూడ్చిపెట్టి వచ్చాను.

గురువారం నంద్యాలలో పిల్ల తండ్రి ఆ కన్ను చూసి, "కొట్లాటల మనిషి మాదిరి ఉండాడు," అన్నాడట. అంతే. బావకు పెళ్ళి కావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది (వచ్చిన అక్క బంగారం. ఇది ఆమె కూడా చదువుతుంది). కానీ మా ఇళ్ళలో పిల్లలు మాట వినకపోతే ఇప్పటికీ 'అద్దాలు తీసేసినాయన మాదిరి చేయొద్దు' అంటారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల బావ కూతురు, దానికీ అద్దాలే, ఊరి బయట కొత్తగా పెట్టిన ఎయిర్‌సాఫ్ట్ మైదానానికి పోతానని అడిగింది. బావ ఒప్పుకోలేదు. "వద్దమ్మా. మన రక్తంలోనే ఓపిక లేదు. వీడు వద్దంటాన్నా తీసేసినా నేను. అడుగు మామను."

"మా నాయన అంత మొండోడా మామా?" అంది పిల్ల. నేను ఫ్యాను వైపు చూశాను.

నా అబద్ధాన్ని బావ కూడా నమ్మి, దాన్ని రక్తంలో కలిపేసుకుని, కూతురికి కూడా పంచుతున్నాడు. ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. కళ్ళజోడు మీద సరిపోయే మంచి గాగుల్స్ తెప్పించి, ప్రతి గాలికంతకూ గుండు ఆనించి చూశాను. ఒక్కదాంట్లోనూ దూరలేదు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా సాబు మాట విన్నాను. తీసుకెళ్ళి బావకిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "గాగుల్స్ మంచివేరా. పెట్టుకునే మనిషిని నమ్మల్ల గదా," అని తిరిగి ఇచ్చేశాడు.

అందుకే ఇది రాశాను. రేపు కాగితాలు బావ చేతిలో పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంటాను. ఆయన చదవడానికి అద్దాలు తీసేస్తాడు, మైనస్ పవరు వాళ్ళు ఈ వయసులో అంతే. అద్దాలు లేకుండా అంత దూరంలో నేనాయనకు ఒక మసక. ఇరవై రెండేళ్ళ ఆ డాక్టరైతే అదే అదనుగా కదలకుండా కూర్చునేవాడు. నేను మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకోవాలి, బాగా దగ్గరికి, 'తగిలింది' అని ఎత్తిన చెయ్యి ఆయనకు కనబడేంత దగ్గరికి.