మామయ్యగారూ నేనూ పులియబెట్టిన బీరు

మా మామయ్యగారు దోహాకి వచ్చింది ఒక్కసారే, ఒక చలికాలంలో. అత్తయ్యగారు పోయి అప్పటికి ఏడాది నిండలేదు. ఒక్కరే వండుకు తింటున్నారని తెలిసి మా ఆయన మనసు ఊరుకోలేదు. విజిట్ వీసా తీసి రప్పించారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, పైన మా ఆయన పంపిన నల్ల స్వెట్టరు, భుజం మీద కండువాతో విమానాశ్రయంలో బయటికి వచ్చి, నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట ఇదీ:

"దుబాయ్ల గింత సలుంటదని ఒక్కలన్న చెప్పలేదు గద బిడ్డా!"

ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని మా ఆయన రెండుమూడు సార్లు చెప్పి చూశారు. మామయ్యగారు తలూపి, మళ్ళీ దుబాయ్ అనేవారు. ఊళ్ళో అందరికీ దుబాయ్ పోతున్నానని చెప్పి వచ్చారు, ఇక అంతే.

ఆయనది కరీంనగర్ దిక్కు పల్లె. కల్లు గీసే వృత్తి. తాటిచెట్లూ ఈతచెట్లూ ఎక్కి దిగుతూ ఇల్లు నడిపిన మనిషి. ఒకసారి నడుముకి కట్టుకున్న మోకు జారి పడ్డాక ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేవారు, చెట్టెక్కడం మానేశారు. నేనేమో గోదావరి పక్క బడిపంతులు గారి అమ్మాయిని. మా ఇంట్లో తాగుడు అన్న మాట కూడా గొంతు తగ్గించి అనేవారు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు మా ఆయనతో పరిచయమై పెళ్ళి దాకా వచ్చింది. పెళ్ళయిన కొద్ది నెలలకే ఇక్కడికి వచ్చేశాం. అందుచేత మామయ్యగారితో ఒక పూట కూర్చుని తీరిగ్గా మాట్లాడింది లేదు. "టీ పెట్టనా మామయ్యగారూ?" "పెట్టు బిడ్డా." మా మాటలు అక్కడితో ఆగిపోయేవి.

ఆయన వచ్చిన రెండో వారంలో మా ఆయనకి ప్లాంటులో షట్‌డౌన్ డ్యూటీ పడింది. ఉత్తరాన గ్యాస్ ప్లాంటు, గంటన్నర ప్రయాణం. గురువారం వెళ్తూ, శనివారం వస్తానని, నాన్నని కాస్త చూసుకోమని చెప్పి వెళ్ళారు. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు. ఆఫీసు ఉంటే నాకు బాగుండేదేమో. రెండు రోజులు ఆయనా నేనూ ఇంట్లో ఎదురుబొదురుగా కూర్చుని ఏం మాట్లాడుకోవాలో నాకు తోచలేదు.

శుక్రవారం పొద్దున అలా నడిచి వద్దామని బయల్దేరదీశాను. నజ్మాలో మా సందు దాటితే రోడ్డు మధ్యన బారుగా ఖర్జూర చెట్లు ఉంటాయి. ఎండ ఉన్నా గాలి చల్లగా కొడుతోంది. మామయ్యగారు మొదటి చెట్టు దగ్గర ఆగారు. కండువాతో చెయ్యి తుడుచుకుని, మొద్దు మీద అరచెయ్యి ఆనించి పైకి చూశారు. తర్వాత రెండో చెట్టు. తర్వాత మూడోది.

"గిన్ని ఈత చెట్లున్నయ్. ఒక్కటన్న గీసినట్టు లేదేంది బిడ్డా?"

"ఇవి ఈతలు కావు మామయ్యగారూ, ఖర్జూరాలు."

"ఖర్జూరమైతేంది? ఈతకు అన్నాయె."

చెట్ల మొదళ్ళలో నీళ్ళ పైపు సరిచేస్తున్న తోటమాలి తలెత్తాడు. ముఖానికి చుట్టుకున్న గుడ్డ కిందికి లాగి నవ్వాడు.

"ఏ ఊరు కాకా మనది?"

మామయ్యగారు ఊరి పేరు చెప్పగానే అతను పైపు వదిలేసి దగ్గరికి వచ్చాడు. అతనిది జగిత్యాల దగ్గర ఊరు. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు, పొద్దున్నే కంపెనీ బస్సు తెచ్చి దింపుతుంది. ఇద్దరూ వానలు, పసుపు పంట, ఎవరెవరు ఎవరికి చుట్టాలో అన్నీ మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి వింటున్నాను. మామయ్యగారు అంతసేపు మాట్లాడగా నేను చూడటం అదే మొదలు.

"సలికాలం ఈత కల్లుకు మంచి అదను గద తమ్మీ," అన్నారు చివరికి. "గీ చెట్టుకు ఒక్క గాటు వెడితె లొట్టి నిండదా?" లొట్టంటే కల్లు పట్టే కుండ.

అతను నవ్వుతూనే ఆయన చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గర్నుంచి పక్కకి తెచ్చాడు. "వద్దు కాకా. గాటు గీటు అనకు. ఈడ అంత కెమెరాలు. కల్లన్న మాటే హరాం. మరిసిపొమ్మని మాకు మేమే చెప్పుకున్నం."

తిరిగి వస్తూ మామయ్యగారు ప్రతి చెట్టునీ తలెత్తి చూస్తూ నడిచారు. దారిలో పెరుగు కొనడానికి సూపర్ మార్కెట్‌లోకి వెళ్ళాం. ఫ్రిజ్‌ల వరసలో మాల్ట్ డ్రింకు సీసాలు ఉన్నాయి. చూడటానికి అచ్చం బీరు సీసాల్లాగే ఉంటాయి. మామయ్యగారు ఆగి, నా వైపు అనుమానంగా చూశారు.

"కల్లు హరామన్నడు. మరి బీరెట్ల అమ్ముతున్నరు?"

"అది బీరు కాదండీ. అందులో మత్తు ఉండదు. బార్లీ నీళ్ళు, పంచదార."

"మత్తు లేకుంట?" ఆయన సీసాని వెలుతురుకెత్తి చూశారు. "ఓహో. ఇంక పులవలేదన్న మాట."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఇళ్ళల్లో కొందరు దీన్నే పులియబెట్టి బీరు చేసుకుంటారని ఆఫీసులో ఎవరో అనగా విన్నాను. నవ్వులో ఆ సంగతి నోరు జారి చెప్పేశాను. అది ఇక్కడ నేరమని కూడా చెప్పాను. మామయ్యగారు వెంటనే సీసా పెట్టేసి, "అయితె మనకెందుకు బిడ్డా," అన్నారు. కానీ పొద్దున చెట్ల దగ్గర వెలిగిన ఆ ముఖం అంతలోనే పాత ముఖమైపోయింది. నేను ఒక్క క్షణం నిలబడ్డాను. తర్వాత నాలుగు సీసాలు, ఈస్ట్ పొట్లం, ఖర్జూరాల పాకం డబ్బా బుట్టలో వేశాను.

"తాగడానికి కాదు. ఊరికే, ఎలా పులుస్తుందో చూద్దాం," అన్నాను, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు.

ఇంటికి రాగానే తలుపు గొళ్ళెం పెట్టి, వంటింటి కిటికీ మూశాను. ఆవకాయ అయిపోయి కడిగి పెట్టిన గాజు జాడీ బయటికి తీశాను. మామయ్యగారు స్వెట్టరు చేతులు పైకి మడుచుకుని నేల మీద కూర్చున్నారు. నేను సీసాలు వంపుతుంటే, ఆయన పాకం పోసి గరిటెతో తిప్పారు. ఈస్ట్ పలుకులు చూసి, "ఇదేంది, గసగసాలా?" అన్నారు. దాంతోనే పులుస్తుందంటే నమ్మలేదు. కల్లుకి ఎవరూ ఏమీ కలపరు, లొట్టిలో పడ్డది పడ్డట్టే పులుస్తుందన్నారు. మూత పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఊపిరి ఆడకపోతే పగుల్తుందని జాడీ మూతికి తన కండువా కొసని చుట్టి, నాచేత నూలుదారంతో కట్టించారు.

ఇక ఎక్కడ పెట్టాలి? ఆయన బాల్కనీలో ఎండ తగిలే చోట అన్నారు. ఎదురు భవనం వాళ్ళకి కనిపిస్తుందని నేనొప్పుకోలేదు. దోహా చలికి ఇడ్లీ పిండి పొంగక నేను పడ్డ పాట్లు చాలా ఉన్నాయి. చివరికి నేర్చుకున్నదేమిటంటే, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటీ వేసి, అందులో పిండిగిన్నె పెట్టడం. జాడీని కూడా అలాగే పెట్టాను.

"పొయ్యిల పెడితె ఉడుకుతది గద!"

"ఉడకదు మామయ్యగారూ. లైటు వేడి, అంతే. చెయ్యి పెట్టి చూడండి."

ఆయన చెయ్యి పెట్టి చూసి, "కోడిపెట్ట కింద ఉన్నట్టుంది," అని ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం అన్నాలు తిని ఇద్దరం ఓవెన్ ముందు చాప వేసుకుని కూర్చున్నాం. అద్దంలోంచి జాడీ పసుపు వెలుగులో కనిపిస్తోంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అంచున సన్నటి బుడగలు, ఆపైన తెల్లటి నురుగు. మామయ్యగారు తలుపు తీసి, జాడీకి చెవి ఆనించారు.

"రా బిడ్డా, ఇను."

నేనూ చెవి పెట్టాను. లోపల సన్నగా సుయ్యిమంటోంది, దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు.

"మీ అత్తకు గీ సప్పుడంటె మస్తు ఇష్టం," అన్నారాయన. "కల్లు మండువల అమ్మేటందుకు కూసున్నప్పుడు లొట్టిల మీద చెయ్యేసి కూసునేది. ముసలోడు పాట పాడుతున్నట్టున్నది అనేది. నేను పాట పాడితె మాత్రం ఇననియ్యకపోయేది."

అత్తయ్యగారు పోయాక ఆవిడ గురించి ఆయన మాట్లాడటం నేను వినలేదు. ఆ మధ్యాహ్నం అంతా ఆవిడ మాటే. పెళ్ళయిన కొత్తలో ఆవిడకి కల్లు వాసన పడేది కాదట. వాకిట్లోనే స్నానం చేయించి లోపలికి రానిచ్చేదట. తర్వాత అదే వాసన లేని రోజున, "ఇయ్యాల్ల చెట్టెక్కలేదా, పానం బాగలేదా?" అని అడిగేదట. చెప్తూ చెప్తూ ఆయన ఉన్నట్టుండి నవ్వారు.

"మీ నాయిన పెండ్లిల అందరికి ఏం చెప్పిండో ఎరికేనా? మేం ఎవుసం చేస్తమని."

నాకు తెలుసు. మా నాన్నగారు మా చుట్టాలతో వాళ్ళది వ్యవసాయమనే చెప్పారు. తల దించుకున్నాను.

"తప్పేం చెప్పిండు బిడ్డా? ఎవుసమే గద. పైకి చూసి చేసే ఎవుసం." ఆయన మాటలో కోపం లేదు. నాకు అదే ఎక్కువ కష్టంగా తోచింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఇల్లంతా ఒకటే వాసన. పులుపూ, తీపీ, తడి గోనెసంచీ కలిసినట్టు. నురుగు పొంగి కండువా తడిసిపోయి, ఓవెన్ పళ్ళెంలో మడుగు కట్టింది. నేను అగరుబత్తీలు వెలిగించి, కిటికీలు తెరవాలా మూయాలా అని తచ్చాడుతుంటే తలుపు దగ్గర తాళంచెవి చప్పుడైంది. సాయంత్రం రావలసిన మా ఆయన పొద్దున్నే వచ్చేశారు.

గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు కూడా విప్పకుండా గాలి పీల్చి, నేరుగా వంటింట్లోకి వచ్చి ఓవెన్ తెరిచారు.

"బాపూ! గిదేంది? ఎవలకన్న తెలిస్తె నౌకరి పోతది, జైల్ల ఏస్తరు! నువ్వన్న చెప్పద్దా?" చివరి మాట నా మీద.

"కోడల్ని ఏమనకు. నేనే పెట్టుమన్న."

"కాదు, నేనే కొన్నాను," అన్నాను నేను.

అప్పుడు నాకు తట్టింది. పరిచయమైన నాటి నుంచీ మా ఆయన నాతో 'వెళ్ళాను, చెప్పాను, ఎందుకు' అని పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవారు. వాళ్ళ నాన్నగారితో కూడా నా ఎదుట పొడిపొడిగా రెండు ముక్కలే. ఆయన సొంత మాట నా చెవిన పడటం అదే మొదటిసారి.

మామయ్యగారు లేచారు. రెండు చేతులా జాడీ ఎత్తి సింకు దగ్గరికి నడిచారు. వంచబోతుంటే మా ఆయన, "ఆగు బాపూ," అన్నారు. స్టీలు గ్లాసు తెచ్చి సగం ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఒక గుక్క తాగి, ముఖం వికారంగా పెట్టారు.

"బీరు కాదు, కల్లు కాదు. ఇందుల ఆవకాయ వాసనేంది?"

ముందు మామయ్యగారు నవ్వారు. తర్వాత నేను. మా ఆయన నవ్వుతూనే అక్కడే నేల మీద కూర్చున్నారు.

జాడీ ఖాళీ చేసి, సింకు కడిగి, మళ్ళీ కడిగి, టీ పెట్టాను. ఆ టీ తాగుతూ మా ఆయన చెప్పారు. చిన్నప్పుడు బడికి వెళ్ళే ముందు వాళ్ళ నాన్న వెంట ఈతవనానికి వెళ్ళి లొట్టీలు మోసేవారట. చొక్కాకి వాసన పట్టేది. బెంచీ మీద పక్కన కూర్చోవాల్సిన పిల్లలు ముక్కు మూసుకుని లేచిపోయేవారట. ఈయన బట్టల సబ్బుతో ఒళ్ళు రుద్దుకునేవారట.

మామయ్యగారి చేతిలో టీ అలాగే ఉండిపోయింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తె ఏం చేస్తుంటివి? చెట్టెక్కుడు మానేస్తుంటివా?"

మామయ్యగారు నిజంగానే ఆలోచించారు. "మానకపోదును," అన్నారు. "నిన్ను మోయనియ్యకపోదును."

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి వచ్చి, "బాపూ, మన వనంల పెద్ద ఈత పడిపోయిందంటగద, ఎప్పుడు?" అని అడిగారు. ఇక వాళ్ళిద్దరి మాటలూ ఆగలేదు. సగం నాకు అర్థం కాలేదు. అడిగితే ఇద్దరూ ఒకేసారి చెప్పబోయేవారు. నేను బెండకాయలు తరుగుతూ విన్నాను. ఆ పూట కూర కొంచెం మాడింది, ఎవరూ పట్టించుకోలేదు.

వీసా గడువు దాకా ఉండి మామయ్యగారు వెళ్ళిపోయారు. మరుసటి చలికాలం మళ్ళీ రమ్మంటే మోకాళ్ళు సహకరించలేదు. ఆపై ఏడాది వానాకాలంలో పోయారు. అప్పుడు నేను నెలలు నిండి ఉన్నందువల్ల మా ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చారు.

ఇప్పుడు మా పాప బడికి వెళ్తోంది. ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలు వింటుంటే నేను కరీంనగర్‌లో కాపురం చేస్తున్నట్టే ఉంటుంది. మొన్న ఫోనులో మా నాన్నగారితో మాట్లాడుతూ, "డాడీ డ్యూటీకి పోయిండు," అంది. మా నాన్నగారిలోని పంతులు ఊరుకోరు కదా. "పోయిండు కాదమ్మా, వెళ్ళారు అనాలి," అన్నారు.

"ఎందుకనాలి తాతా?" అంది పాప.

 మా నాన్నగారు దగ్గి, "సరేలే. మరి ఎప్పుడొస్తడే?" అని అడిగారు. ఆ యాస పలకడం ఆయనకి అంత బాగా రాలేదు. పాప పడీపడీ నవ్వింది.