కుంట దగ్గర పోసిన మందు

2022 వానాకాలం. మాచర్ల అవతల అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో పశువైద్యురాలిగా అప్పటికి నాకు ఆరో ఏడు. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. ఆసుపత్రి అంటే రెండు గదులు, పశువును నిలబెట్టే ఇనుప చట్రం, ఒక పాత మైక్రోస్కోపు. నేను ఉండేది మాచర్లలో ఒక అద్దె గదిలో, ఒక్కదాన్నే. ఊళ్ళో వాళ్ళు నన్ను పెంటికల డాక్టరమ్మ అనేవారు. జబ్బు చేసిన గొర్రెను ఎవరు తీసుకొచ్చినా ముందు దాని పెంటికలు తెమ్మంటానని ఆ పేరు పెట్టారు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ సెప్టెంబరులో ఒకరోజు రేంజర్ గారు ఫోన్ చేశారు. అడవిలో ఏదో జంతువు చచ్చిపడి ఉందట, పోస్ట్‌మార్టం చేయాలట. దారి చూపించడానికి వాచర్ మల్లయ్య వచ్చాడు. అడవి కాపలా క్యాంపులో నెలకు ఇరవై రోజులు ఒంటరిగా ఉండే మనిషి. మాటలకు మొహం వాచి ఉంటాడో ఏమో, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

చచ్చింది కొండగొర్రె, ఆడది. పేరుకి గొర్రె గానీ అది జింక లాంటి జంతువు. జింక కంటే చిన్నది, మగదానికి నాలుగు కొమ్ములుంటాయి. గుంపు కట్టదు. ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది. ఒకప్పుడు ఆ లోయలో చాలా కనిపించేవని, ఇప్పుడు తనకు తెలిసి ఒక్క జంటే మిగిలిందని మల్లయ్య చెప్పాడు.

"ఒంటి మీద గాయం లేదు మేడం. నాలుగు రోజులుగా నీళ్ళకాడే నిలబడి ఉండేది. మనిషిని చూసినా ఉరకలా."

కంటి రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దవడ కింద నీరు దిగింది. కోసి, నాలుగు అరల పొట్టలో చివరి అర తెరిస్తే ఎరుపూ తెలుపూ దారాలు పేనినట్టున్న సన్నటి పురుగులు, వేలకు వేలు. మేం హీమాంకస్ అంటాం. పొట్ట గోడను పట్టుకుని రక్తం తాగుతాయి.

"ఇంత సన్నగా ఉండయ్యే, ఇయ్యి చంపినయ్యా దీన్ని?" అన్నాడు మల్లయ్య.

"ఒకటి చంపదు. వేలు చేరితే ఒంట్లో రక్తం మిగలదు. చిరుతపులి చంపితే అందరికీ తెలుస్తుంది. పురుగు చంపితే ఎండకో ముసలితనానికో చచ్చిందనుకుంటారు."

మల్లయ్య వంగి పొట్టలోకి చూసి, "ఇయ్యి గొర్రెలకుండే పురుగులు గదా మేడం?" అన్నాడు.

కళేబరానికి యాభై అడుగుల దూరంలో కుంట ఉంది. అది నా కుంట. ఏటా జూన్‌లో, వానలకు ముందు, గొర్రెలకు పురుగుల మందు పోసే క్యాంపు నేను పెట్టేది అక్కడే. ఉదయం పది గంటలకల్లా మందలన్నీ నీళ్ళకు అక్కడికే వస్తాయి. దొడ్డి దొడ్డికీ తిరిగే పని ఉండదు. మందు పోయడం, గొర్రెను వదలడం, అది నేరుగా కుంట అంచున పచ్చికలో పడి మేయడం. మందు పోశాక రెండు రోజులు దొడ్లోనే ఉంచాలి, పురుగుల గుడ్లు అక్కడే రాలిపోవాలి. లేకపోతే అవి పచ్చికలో పొదిగి, అక్కడ మేసిన ప్రతి జీవం పొట్టలోకీ చేరతాయి. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇక్కడ మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెబితే క్యాంపుకు రారేమోనని భయం అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే బద్ధకం.

ఒక్క కళేబరాన్ని చూసి దీనికంతటికీ కారణం ఇదేనని ఖాయంగా చెప్పలేం. అందుకని మర్నాడు చెన్నయ్య బాబాయి మందకు వెళ్ళాను. ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఆయనది. పది గొర్రెల పెంటికలు తీసుకుని, వాటికి మామూలుగా వాడే మందే పోసి, పది రోజుల తర్వాత మళ్ళీ పెంటికలు తెచ్చాను. ఉప్పునీళ్ళలో కలిపితే పురుగుల గుడ్లు పైకి తేలతాయి, వాటిని స్లైడ్ మీద లెక్కపెడతాం. మందు పోయకముందు ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్నీ అలాగే ఉన్నాయి. ఆరేళ్ళుగా అదే మందు, అదీ గొర్రె బరువు కంటితో అంచనా వేసి పోశాను. పురుగు మందుకు అలవాటు పడిపోయింది. దీన్ని రెసిస్టెన్స్ అంటారు. మందుకు చావని పురుగుల గుడ్లను ఏటేటా కుంట చుట్టూ చల్లించింది నేనే.

ఊరందరి గొర్రెల పెంటికలూ అడిగే దాన్ని, నా క్యాంపు అయ్యాక ఒక్కసారి చూసుకోవాలని తోచలేదు. ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఏడ్చాను. ఎవరికి చెప్పుకోవాలి? అమ్మకు ఫోన్ చేస్తే, "కొండగొర్రె సంగతి సరే, నువ్వు అన్నం వండుకున్నావా?" అంది. వండుకోలేదు.

మిగిలింది మగది ఒక్కటే. దాన్ని పట్టుకుని మందు పోయడం కుదరదు, బెదిరిపోయి చేతుల్లోనే చచ్చిపోగలదు. చేయగలిగింది ఒకటే, కుంట దగ్గరికి గొర్రెలు రాకుండా చూడటం. మల్లయ్య నాకొక చోటు చూపించాడు. బండ పక్కన పెంటికల కుప్ప. కొండగొర్రె రోజూ అదే చోటికి వచ్చి వేస్తుందట.

"ఎందుకలా?"

"కబురు మేడం. ఇక్కడ నేనుండాను అని ఇంకోదానికి తెలియటానికి."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళి తాజా పెంటికలు ఏరుకొచ్చేదాన్ని. గుడ్లు ఎక్కువగానే కనిపించేవి.

చెన్నయ్య బాబాయి దగ్గరికి వెళ్ళి వానలు పోయేదాకా కుంట వైపు తోలొద్దన్నాను. ఆయన ఇంతెత్తున లేచాడు.

"ఏంది డాక్టరమ్మా, మా తాతల కాడ్నించి తోలుతున్న కుంట అది. ఒక్క అడవి గొర్రె కోసం నా జీవాల్ని యాడికి తోలమంటావు?"

"తప్పు నాది బాబాయ్. మందు పోసి వెంటనే మేతకు వదలకూడదు. మందు పనిచేసిందో లేదో చూడాల్సింది, చూడలేదు."

"ఆరేళ్ళు పోశావు. ఇప్పుడా చెప్పేది? చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు!"

అరిచి అరిచి ఆయనే గొంతు తగ్గించాడు.

"నా జీవాలు బక్కచిక్కేది ఇందుకేనా?"

"ఇందుకే కావచ్చు."

"చానా మందిని చూశా డాక్టర్లని. తప్పు నాదని ఒక్కడన్నా అన్ల్యా." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, ఈ వానలకి కాలవ గట్టున మేపుకుంటా. వచ్చే ఏడు మందు పోసినాక మిరప పీకిన చేలల్లో రెండు రోజులు మంద కడతాం. ఎరువు పడుద్దని రైతులు ఎప్పట్నించో అడుగుతుండారు. బీడు నేల, ఎండ. నీ పురుగులు ఆడే మాడి చస్తయ్."

నేను చదివిన పుస్తకాల్లో ఇంత మంచి ఉపాయం లేదు.

మరుసటి ఏడు జూన్‌లో క్యాంపు ఆ చేలల్లోనే పెట్టాను. మందు మార్చాం. తక్కెడ తెప్పించి గొర్రెను తూచి మరీ పోశాం. మిగతా మందల వాళ్ళను చెన్నయ్య బాబాయే తిట్టి ఒప్పించాడు. ఆ సెప్టెంబరు, జోరు వానల మధ్య ఒక ఆదివారం, మగ కొండగొర్రె పెంటికలు తెచ్చి స్లైడ్ పెట్టాను. ఒక్క గుడ్డు కూడా లేదు. నమ్మలేక మూడుసార్లు చూశాను. ఆనందంతో చుట్టూ చూస్తే ఆసుపత్రిలో ఎవరూ లేరు. మల్లయ్యకు ఫోన్ చేశాను.

"బాగైందా మేడం?"

"బాగైంది మల్లయ్యా. ఒంట్లో పురుగు లేదు."

"మంచిది. మరి దానికి తోడు?"

సిగ్నల్ పోయిందనుకుని మల్లయ్యే పెట్టేశాడు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. మందు పోయడంతో పని అయిపోదు, పది రోజులు ఆగి మళ్ళీ చూడాలి, పనిచేయకపోతే ఆ మాట పైకి చెప్పాలి. ఇప్పుడు ప్రతి క్యాంపులో ముందు నా తప్పు చెప్పి, తర్వాతే మందు సీసా తీస్తాను. వెనక నుంచి చెన్నయ్య బాబాయి, "గట్టిగా చెప్పు డాక్టరమ్మా, ఎనక వాళ్ళకి ఇనపళ్ళా" అని అరుస్తాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఆదివారాలు ఇప్పటికీ ఆ బండ దగ్గరికి వెళుతున్నాను. వెళ్ళినప్పుడల్లా కుప్ప మీద తాజా పెంటికలు ఉంటాయి. నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అని అది ఇంకా కబురు పెడుతూనే ఉంది. ఆ లోయలో దాన్ని చదవడానికి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే.