హోసూరు నుంచి కృష్ణగిరికి, గొంతు పెద్దది చేసిన కారులో

హోసూరు నుంచి కృష్ణగిరి సుమారు యాభై కిలోమీటర్లు. నాలుగు వరుసల రోడ్డు మీద గంటంబావు ప్రయాణం. మాకు మూడు గంటలు పట్టింది. సొంతంగా ఇంజను పని చేయించుకున్న కారులో ఆ దారిన వెళ్ళాలనుకునే వారికి పనికి వస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా మనవరాలు లాస్య హోసూరులో ఒక కర్మాగారంలో రెండేళ్ళుగా పని చేస్తోంది. నేను తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలుగా దానితో ఉంటున్నాను. దానికి ఆ ఉద్యోగం మీద మనసు లేదు, ఇంజన్ల మీదే ఉంది. కృష్ణగిరిలో గోవిందప్ప గారని ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు. కొండ దారుల పోటీలకు కార్లు తయారు చేస్తారు. పని నేర్చుకోవడానికి ఎవరినీ తొందరగా చేర్చుకోరట. లాస్య నెలల తరబడి అడిగితే, చివరికి తన చేత్తో చేసిన పని ఒకటి శనివారం పదకొండు గంటలకు తెచ్చి చూపించమన్నారు. బాగుంటే చేర్చుకుంటారు, లేకపోతే మళ్ళీ అడగకూడదు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, దీనికి ఒప్పుకోలేదు. నన్ను వెంట వెళ్ళి చూసి నిజం చెప్పమంది. నేను చూసి బాగుందంటే తానిక అడ్డు చెప్పనంది.

లాస్య ఎంచుకున్న పని థ్రాటిల్ బాడీ. ఇంజనులోకి గాలి వెళ్ళే అల్యూమినియం గొంతు అది. లోపల ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. మనం ఆక్సిలరేటర్ నొక్కితే ఆ బిళ్ళ తిరిగి దారి తెరుస్తుంది. ఆ గొంతును కొద్దిగా పెద్దది చేస్తే గాలి ఎక్కువ అంది, ఎత్తుల మీద బండి బాగా లాగుతుందట. పాత సామాన్ల కొట్టులో తన కారులో ఉన్నలాంటి భాగమే ఇంకొకటి కొని, దాన్ని లేత్ మీద నలభై ఆరు మిల్లీమీటర్ల నుంచి నలభై ఎనిమిదికి పెంచాలని అది లెక్క వేసుకుంది. ఆ గొంతుకూ ఇంజనుకూ మధ్య గాలి దూరకుండా పెట్టే ప్యాకింగ్ కూడా ఆ లెక్కకే కత్తిరించి ఉంచింది. బుధవారం దానికి పగటి షిఫ్టు. అందుకని ఆ భాగాన్ని, కొలత రాసిన చీటీని నాకిచ్చి లేత్ షాపుకు పంపింది. ఆటోకు నూట ఇరవై అయింది.

లేత్ పని చేసే మునిరాజు గారు ఎంత తియ్యాలమ్మా అని అడిగారు. చీటీ నా సంచిలో ఉంది. కానీ ఆ లోహపు గోడను చూస్తే నాకు భయం వేసింది. రెండు మిల్లీమీటర్లు తీస్తే ఏమవుతుందో అనిపించింది. పిల్ల ఉత్సాహంలో ఎక్కువ రాసిందేమోనని, చీటీ బయటికి తీయకుండానే చెప్పాను.

"నూలంత తీయండి, చాలు."

"ఒక నూలా, రెండు నూలా అమ్మా?"

ఎంత జాగ్రత్త గల మనిషి అనుకున్నాను. "ఒకటే. అంతకు మించి వద్దు," అన్నాను. గోడ మందంగానే ఉందని ఆయన ధైర్యం చెప్పి పని మొదలుపెట్టారు. కొత్త గొంతుకు సరిపోయే బిళ్ళ కూడా ఆయనే కోసి ఇచ్చారు. రెండింటికీ తొమ్మిది వందలు. శుక్రవారం సాయంత్రం లాస్య ఆ బిళ్ళ అంచును ఏటవాలుగా అరగదీసి, గొంతులో బిగించి, దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. చుట్టూ సన్నని వెలుతురు కూడా రాలేదు. అంత బాగా మూసుకున్నాక మళ్ళీ కొలవాలని దానికి తోచలేదు. నేను కొలత తగ్గించానన్న మాట దానికి చెప్పలేదు. అది కొత్త భాగాన్ని బండికి బిగించాక, తీసేసిన అసలు భాగాన్ని మాత్రం పాత చీరలో చుట్టి డిక్కీలో పెట్టించాను.

శనివారం ఎనిమిది గంటల పది నిమిషాలకు బాగలూరు రోడ్డులోని ఇంటి నుంచి బయలుదేరాం. ఆరు వందలకు పెట్రోలు కొట్టించాం. ఊరు దాటేవరకు బండి హాయిగా పోయింది. కాలు ఆనిస్తే చాలు ముందుకు దూకుతోందని లాస్య మురిసిపోయింది. ఇరవై కిలోమీటర్లు వెళ్ళి ఇంజను వేడెక్కాక సంగతి మారింది. కాలు తీసేసినా ఇంజను వేగం చూపే ఆర్పీఎం ముల్లు రెండు వేలకు కిందికి దిగడం లేదు. ఎవరో లోపల కూర్చుని ఇంకా తొక్కుతున్నట్టు బండి తోసుకుపోతోంది. ముందు గ్రానైటు రాళ్ళ లారీ, వెనక బస్సు. లాస్య బ్రేకు మీద కాలు పెట్టి, కాసేపటికి నా వైపు చూడకుండానే మెల్లగా చెప్పింది.

"అమ్మమ్మా, బ్రేకు గట్టిగా ఉంది. పట్టుకుంటోంది గానీ చాలా బలంగా తొక్కాల్సి వస్తోంది. నువ్వేం మాట్లాడకు."

సీటు బెల్టును రెండు చేతులతో పట్టుకుని లారీ వెనక రాసిన బండి నంబరు చదువుతూ కూర్చున్నాను. ఇంజను పీల్చుకునే గాలి వల్లే బ్రేకుకు బలం వస్తుందనీ, పక్క నుంచి దొంగ గాలి దూరితే ఆ బలం తగ్గిపోతుందనీ తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం కూతురికి ఏమని చెప్పాలన్నదే నా బుర్రలో తిరిగింది. లాస్య గేర్లు తగ్గించుకుంటూ, ఎడమ పక్కకు జరుపుకుంటూ, శూలగిరి దగ్గర ఒక టిఫిన్ హోటల్ ముందు ఆపింది. తాళం తీసేదాకా ఇంజను కేక పెడుతూనే ఉంది.

పొయ్యి దగ్గర దోసెలు పోస్తున్న ఆవిడ అట్లకాడ పట్టుకునే బయటికి వచ్చి చూసింది.

"యాడికి పోతా ఉండారమ్మా? మీరు కనపడకముందే మీ బండి వినపడింది."

కృష్ణగిరికని చెప్పాను. "అంత దూరమా? అయితే ముందు కడుపు నిండా తినండి," అని లోపలికి పోయింది. రాగి దోసె, వేరుశనగ చట్నీ బాగున్నాయి. ఇద్దరికీ నూట నలభై. ఈ గాలి పిచ్చి నీకెందుకు, ఉన్న ఉద్యోగం చేసుకోక అని ఆ బల్ల దగ్గరే దాన్ని కోప్పడ్డాను. ఏడుస్తుందనుకున్నాను. అది దోసె ముక్క తుంచుతూ, తన లెక్కలో ఎక్కడ తప్పు పోయిందో తెలియడం లేదని మాత్రం అంది. అసలు భాగాన్ని ఇక్కడే బిగించేసి వెనక్కి పోదామన్నాను. చెడిపోయిన పనైనా సరే, చెడిపోయినట్టే ఆయనకు చూపించాలంది.

ఇంజను చల్లారేవరకు ముప్పావు గంట ఆగి, మళ్ళీ బయలుదేరాం. అక్కడి నుంచి కృష్ణగిరి వైపు రోడ్డు దిగుడుగా ఉంటుంది. ఆరు కిలోమీటర్లకోసారి ఆగి, చల్లబరుచుకుని, నలభై వేగం దాటకుండా ఎడమ అంచునే వెళ్ళాం. మమ్మల్ని దాటిన ప్రతి లారీ హారన్ కొట్టింది. టోల్ గేటు వరుసలో ముందున్న బండికి తగులుతామేమోనని నా కాలు కూడా నేలకేసి తొక్కుకుంటూనే ఉంది. గోవిందప్ప గారి షెడ్డుకు చేరేసరికి పదకొండుంపావు అయింది.

డెబ్బై ఏళ్ళ మనిషి. ఆలస్యమెందుకైందని అడగలేదు. రెండు నిమిషాలు ఇంజను శబ్దం విని, ఆపించి, ఆ భాగాన్ని విప్పమని లాస్యకే చెప్పారు. ప్యాకింగ్ ఒక పక్క లోపలికి పీల్చుకుపోయి చిరిగి ఉంది. అంచు చూసి, కొలిచే వెర్నియర్ తీసి గొంతులో పెట్టారు.

"ఎంత చెయ్యమని చెప్పినావమ్మా?"

"నలభై ఎనిమిదండీ."

"నలభై తొమ్మిది దాటి ఉండాది. ప్యాకింగ్ కూర్చునే అంచే మిగల్లేదు. గాలి పక్క నుంచి పోతా ఉంది. బిగించే ముందు కొలవలేదా?"

లాస్య లేదంది. షాపుకు తీసుకెళ్ళింది ఎవరో చెప్పలేదు. తల కూడా నా వైపు తిప్పలేదు. ఆయన వెర్నియర్ తుడిచి పెట్టెలో పెట్టేస్తున్నారు. అప్పుడు నేను లేచి, లేత్ షాపుకు వెళ్ళింది నేనని, చీటీ చూపించకుండా నూలంత చాలన్నానని, ఒకటా రెండా అని అడిగితే ఒకటే అన్నానని చెప్పాను. ఆయన నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు.

"మీది ఏ ఊరమ్మా?"

"తెనాలి."

"అదీ సంగతి. మీకు నూలంటే దారం. ఈడ లేత్ కాడ, వడ్రంగి కాడ నూలంటే కొలత. ఇంచిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం. మూడు ఎమ్మెం పైనే. ఆయప్ప ఒకటా రెండా అని అడిగినాడు గదా, మీరు రెండని ఉంటే ఈ గోడే ఉండేది కాదు."

తక్కువ చేయించాననుకుని ఎక్కువ చేయించాను. మునిరాజు గారు నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. పక్కనున్న టైరు మీద కూర్చున్నాను. ఆ పిల్ల తప్పు లేదండీ అని రెండుసార్లు అన్నాను. కొలవకపోవడం ఆ పిల్ల తప్పేనని ఆయన నెమ్మదిగానే చెప్పి, ఇత్తడి బిళ్ళను వెలుతురులో తిప్పి దాని ఏటవాలు అంచును గోటితో తడిమారు. అసలు భాగం ఉందా అని అడిగారు. డిక్కీలో ఉందన్నాను. కొత్త ప్యాకింగ్ కాగితం ఇచ్చి, తన ఎదుటే కత్తిరించి బిగించమన్నారు.

యాభై నిమిషాలు పట్టింది. లాస్య ఈసారి ప్రతి అంచునూ మూడు చోట్ల కొలిచింది. ఇంజను స్టార్టు చేసినప్పుడు ముల్లు ఎనిమిది వందల దగ్గర నిలబడింది. పావుగంట సేపు ఇంజను వేడెక్కనిచ్చి మళ్ళీ చూశారు. కదల్లేదు. చేతులు కడుక్కుంటూ చెప్పారు.

"బిళ్ళ అంచు నువ్వే అరగదీసినావు గదా. ఆ చెయ్యి బాగుండాది. వచ్చే నెల నుంచి రా. మొదట్లో కొలిచే పనే ఇస్తాను, ఇంకేం ముట్టుకోవద్దు. ఇంకొకటి, మీ అవ్వను మాత్రం లేత్ కాడికి పంపొద్దు."

తిరుగు ప్రయాణం ఎగువకు. బండి లాగడానికి కష్టపడింది, అయినా గంటన్నరలో ఇల్లు చేరాం. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. జవాబు పక్కన ప్రమాణం రాయని పిల్లలకు అర మార్కు కోసేదాన్ని. ఆ వేళ లేత్ ముందు నిలబడి ప్రమాణం లేని కొలత చెప్పి, అదే జాగ్రత్త అనుకున్నాను. లాస్య రెండు నెలలుగా వేసిన లెక్క సరైనదే. దాన్ని నమ్మకపోవడమే నేను చేసిన తప్పు. నా కూతురు సాయంత్రం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. పని బాగుందని చెప్పడం తేలికే. ఆ రోడ్డు మీద దాని బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది ఎవరో కూడా చెప్పాలి. ఇది రాయడం పూర్తి కాగానే చెబుతాను.

మీరు ఇలాంటి పని చేయించుకుంటే ఒక్కటి చేయండి. కొలతను మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి పనివారి చేతికివ్వండి, పని అయ్యాక ఆ కాగితం దగ్గర పెట్టుకుని అక్కడే వెర్నియర్‌తో కొలిపించి చూడండి. మీరు వెళ్ళలేక ఇంటి పెద్దవాళ్ళను పంపితే, కాగితం ఇచ్చి నోరు విప్పకుండా కూర్చోమని చెప్పండి.