రాజీనామాకు వన్స్‌మోర్

ఆ నాటకాన్ని యాజమాన్యమే ఆపించిందని ఏ.ఎస్. రావు నగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పైనుంచి ఫోనట, రాజకీయ ఒత్తిడట! శుద్ధ అబద్ధం. కరోనా తగ్గి ఆడిటోరియం తాళాలు తీసిన ఏడాది నేను అక్కడి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో సంక్షేమాధికారిని. విభాగాల మధ్య నాటక పోటీ నా బాధ్యత. ఆ నాటకాన్ని ఆపింది యాజమాన్యం కాదు, కుర్చీ దిగని ప్రధానమంత్రి.

అది ఉత్పత్తి విభాగం వేసిన పాటల నాటకం. కేంద్రంలో సర్కారు మెజారిటీ కోల్పోతుంది. ఎంపీలను రిసార్టులో దాస్తే వాళ్లు భుజాన తువ్వాళ్లతో కోరస్ పాడతారు. చివరికి ప్రధాని పాటలోనే రాజీనామా చేస్తాడు, ప్రతిపక్ష నాయకురాలు ఆఖరి పాటతో ప్రమాణం చేస్తుంది. ప్రభుత్వ రంగ ఉద్యోగి ప్రభుత్వాన్ని విమర్శించకూడదని సర్వీసు నిబంధన కాబట్టి స్క్రిప్టు నా బల్ల మీది నుంచి పర్సనెల్ మేనేజరుకు, అక్కడినుంచి విజిలెన్స్‌కు వెళ్లింది. పార్టీల పేర్లు నేనే కొట్టేశాను. విజిలెన్స్ అధికారి అడిగింది ఒక్కటే: ప్రధాని కచ్చితంగా రాజీనామా చేస్తాడు కదా? చేస్తాడని హామీ ఇచ్చి సంతకం పెట్టాను.

ప్రధాని వేషం మెషిన్‌షాపు ఫోర్‌మన్ ప్రసాదరావుది. గుంటూరు వైపు పద్యనాటకాలాడిన గొంతు. నాయకురాలు వైరింగ్ సెక్షన్ స్వరూప. మా పోటీల్లో ఆడవాళ్లకు అప్పటిదాకా ఏడుపు వేషాలే తప్ప పాట దక్కలేదు. ఆ ఒక్క పాట కోసం షిఫ్టులు మార్పించుకుని సాధన చేసింది. సైనిక్‌పురి నుంచి అత్తగారిని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది.

ప్రసాదరావు రాజీనామా పాటను పెద్ద రాగంతో ముగించాడు. హాలంతా "వన్స్‌మోర్!" అంది. పద్యనాటకంలో అలా అడిగితే చచ్చిపడ్డవాడైనా లేచి మళ్లీ పాడాల్సిందే, అది ఆచారం. పాడాడు. మళ్లీ వన్స్‌మోర్. మళ్లీ పాడాడు. మూడోసారి అరిచేసరికి రాజీనామా పత్రాన్ని పరపరా చింపేసి, "ప్రజలే వద్దంటుంటే నేనెలా వెళ్లను?" అన్నాడు. ఒకటే ఈలలు.

గడువు ముగియబోతోందని టైమ్‌కీపర్ మొదటి గంట కొట్టాడు. రెండో గంటకు తెర దించాలి.

"ఏందీ మేడమ్, గీయన దిగడా? నా పాట ఎప్పుడు షురూ అయితది?" నా పక్కన నిలబడ్డ స్వరూప అడిగింది.

"ప్రసాదరావు గారూ, దిగండి. మీ ప్రభుత్వం పడిపోయింది" అన్నాను తెర చాటునుంచి.

"ప్రేక్షకదేవుళ్లు అడుగుతుంటే ఎలా కాదంటామండీ మేడమ్?" అని హార్మోనియం వైపు సైగ చేశాడు.

రెండో గంట మోగింది. కుర్చీలో ప్రధాని ఉండగానే తెర పడింది. నాటకం పూర్తి కాలేదని పోటీ నుంచి తప్పించారు.

"అత్తమ్మ అడుగుతున్నది మేడమ్, నువ్వు గెలిచినవా, ఓడినవా అని. ఏం చెప్పాలె?" అంది స్వరూప, కొంగుతో రంగు తుడుచుకుంటూ.

మరుసటి ఏడాది నిబంధనల్లో, నాటకం ముగిశాకే వన్స్‌మోర్ అని చేర్చాను. అనుమతి స్క్రిప్టుకు దొరుకుతుంది, నటుడికి కాదని అప్పుడు తెలిసింది. వేదిక మీద కుర్చీ వేసేవాళ్లు అందులోంచి దింపే పద్ధతి కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక కూడా నాకు ఒక్కటి తేలలేదు. మొదటి వన్స్‌మోర్ జనానిదే, ఒప్పుకుంటాను. మూడోది మాత్రం మెషిన్‌షాపు వాళ్లు కూర్చున్న వైపునుంచే వచ్చింది. అది వాళ్లంతట వాళ్లు అరిచిందా, ప్రసాదరావు అరిపించిందా?