నలభై రెండు కిలోమీటర్ల పరీక్ష

పాసయ్యాను! అదే, పూర్తి చేశాను. మారథాన్. నలభై రెండు కిలోమీటర్లూ, చివర మిగిలే ఆ చిల్లర దూరంతో సహా, గడువు దాటకుండా, దారిలో ఏ బండీ ఎక్కకుండా. మెడలో పతకం ఉంది, కాళ్లు బకెట్లో వేన్నీళ్లలో ఉన్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకని మావాళ్ల దృష్టిలో నేను చేసే ప్రతి పనీ పరీక్షే. ఆమధ్య జ్వరమొచ్చి రక్తం పరీక్షకిచ్చొస్తే, మా నాన్న "పాసేనా?" అని అడిగాడు. భవానీపురంలో మేం వెళ్లే చర్చిలో పోయిన ఆదివారం ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు అమ్మ లేచి నిలబడింది.

"వచ్చే ఆదివారం మా అమ్మాయికి పెద్ద పరీక్షుందండీ. సంఘమంతా ప్రార్థన చెయ్యాలి."

నేను కొంగు పట్టి లాగాను. "పరుగు పందెమని చెప్పొచ్చుగా అమ్మా!"

"పందెం కోసం ఆరాధన మానేస్తందని చెప్పమంటావా? నోర్ముయ్."

అమ్మకి నా పరుగు మీద గురి లేదు. పోయినసారి సగం దాటాక కూలబడితే, వెనకబడ్డవాళ్లను ఎక్కించుకొచ్చే వ్యాను నన్నూ ఎక్కించుకొచ్చింది. ఆ రోజే అమ్మ తేల్చి చెప్పేసింది: "ఇంకొక్కసారి. ఈసారి కూడా వ్యాన్లోంచి దిగావో, ఇక పరుగు మాటే ఎత్తొద్దు. తెల్లారుజామున రోడ్లెంబడి తిరగడం బందు." అమ్మ అన్నదంటే చేస్తుంది.

సరిగ్గా ఈసారే అల్పపీడనం. రాత్రంతా కురిసిన వాన పొద్దున్నకీ తగ్గలేదు. పరుగు ఆపేస్తారేమో అనుకున్నాం, ఆపలేదు. బ్యారేజీ ఎక్కగానే గాలి ఎదురు తన్నింది. నా టోపీ లేచి కృష్ణలో పడింది. అవతల కరకట్ట మీద బురద అరిసెల పాకంలా బూట్లను పట్టుకుని వదల్లేదు. మంగళగిరి దారిలో పల్లంగా ఉన్నచోటల్లా పిక్కల దాకా నీళ్లు. బైకులవాళ్లు ఆగి మరీ "రండి మేడం, బస్టాండు కాడ దించేస్తాం" అంటున్నారు. రేకుల పంచన టీ తాగుతున్న ఒక పెద్దావిడ నన్ను చూసి కంగారుపడింది.

"ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?"

తిరుగుదారిలో నా కుడి పిక్క పట్టేసింది. నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డాను. వెనక దూరంగా ఆ వ్యాను లైట్లు కనిపించాయి. ఎదురుగా చూస్తే ఒక ఆటో వస్తోంది. మా నాన్నది. చర్చి రేకుల మీద వాన చప్పుడు విని, ప్రసంగం మధ్యలో లేచి వచ్చేశాడట.

"ఎక్కు తల్లీ, ఎక్కు. ఇదేం వానే బాబూ!"

"ఎక్కకూడదు నాన్నా."

"ఎవడు చూస్తాడే? బ్యారేజీ కాడ దించేస్తా, అక్కణ్ణించి పరిగెత్తుకో."

"ఎక్కితే ఫెయిల్ నాన్నా."

నాన్న ముఖం మారిపోయింది. పదో తరగతి దగ్గర ఆ ఒక్క మాటే ఆయన చదువును ఆపేసింది. నేను ముఖం తుడుచుకుందామని, ఆయన తెచ్చిన తువ్వాలు కోసం చెయ్యి చాచాను. చప్పున వెనక్కి లాక్కున్నాడు.

"వద్దొద్దు! ఆ వ్యానోళ్లు చూస్తన్నారు. స్లిప్పందిచ్చానంటారు!"

"నాన్నా, ఇది ఆ పరీక్ష కాదు."

"ఏ పరీక్షయినా బయటోళ్లు లోపలికి రాకూడదుగా! నేను రాలా, నువ్వు నన్ను చూళ్లా."

ఆటోను ఎంత హడావుడిగా తిప్పాడంటే, లేచిన నీళ్లకు నేను నడుం దాకా బురదయ్యాను. పక్కకొచ్చి ఆగిన వ్యాను డ్రైవరు తల బయటపెట్టాడు.

"మీ నాన్నగారా అండీ? ఎక్కుతారా మరి?"

"ఎక్కనండీ."

నవ్వు ఆపుకోలేకపోయాను. కుంటుతూ నడిచాను. నడవగా నడవగా పిక్క పట్టు వదిలింది. బ్యారేజీ మీదికి వచ్చేసరికి, పొద్దున ఎదురు తన్నిన గాలే వీపు మీద చెయ్యేసి తోసింది. పరుగు చివర్లో కట్టిన ఆర్చి గాలికి ఒరిగిపోతుంటే, ఇద్దరు వలంటీర్లు తాళ్లు పట్టుకుని వేలాడుతున్నారు. "టైముందండీ, రండి రండి!" అని వాళ్లు అరుస్తుంటే కిందనుంచి దూరి వచ్చేశాను.

నాన్న గ్రౌండు గేటు బయటే, పరీక్ష హాలు ముందు తల్లిదండ్రులు నిలబడినట్టు నిలబడి ఉన్నాడు. పతకం చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ నా మెడలోనే వేశాడు. అమ్మకి ఫోన్ కూడా ఆయనే కలిపి ఇచ్చాడు.

"ఏమైందే?"

"పూర్తి చేశానమ్మా! కాకపోతే ఆఖరి పదిమందిలో..."

"ర్యాంకెవరడిగారే? పాసా, కాదా?"

"పాసే."

అవతల "స్తోత్రం" అని మెల్లిగా వినిపించింది. ఆ వెంటనే, "మళ్లీ పరుగెప్పుడంట?"

ఇక కూర్చోలేను. ఫోన్లు చెయ్యాలి. మైలవరంలో పెదనాన్నకి, ఆయనకి వినబడదు కాబట్టి గట్టిగా అరవాలి. మంగళగిరిలో మగ్గం నేసే మేనత్తకి, వాళ్ల వీధి చివరిదాకా వచ్చి కూడా ఇంటికి రాలేదని తిట్లు తినడానికి. కాలేజీలో నాచేత మొదటిసారి బూట్లు కొనిపించిన పీఈటీ మేడంకి. డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలికి, ఈపాటికి నమాజు ముగించుకుని ఉంటుంది. పాస్టరమ్మగారికి. ఆఫీసులో మా మేనేజరుగారికి, రేపు సెలవు కావాలని.