అవ్వ ఓడిపోయిన ఎన్నిక

మా సిడ్నీ శివారులో ఎన్నికల రోజున బడి గేటు దాటగానే ఉల్లిపాయలు వేగే వాసన ముక్కుకు తగులుతుంది. ఓటేసి, రొట్టెలో సాసేజ్ పెట్టించుకుని తింటూ ఇంటికి పోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ పొగ పీల్చినప్పుడల్లా నాకు ఫిజీలో మా చెరకు పల్లె గుర్తొస్తుంది.

కోతల కాలమంటే కాలిన చెరకాకు మసి ఆరేసిన బట్టల మీద నల్లగా రాలేది, అవ్వ చింతపండు చేపల పులుసు కాచి చేమాకులు కొబ్బరిపాలలో ఉడికించేది, మేం పిల్లలం చెరకు నమిలి పెదవులు కోసుకునేవాళ్ళం. కోతలకు ముందు పెద్దవాళ్ళు చాప మీద చేరి, కాస్త మత్తునిచ్చే నగోనా వేరు కలిపిన నీళ్ళు కొబ్బరిచిప్పతో వంతులవారీగా తాగుతూ, చేతులెత్తి చెరకు కొట్టే ముఠాకి సర్దారును ఎన్నుకునేవారు. ఎవరి చెరకు ముందు కొయ్యాలో, ఎవరిది ఆఖరుదాకా ఎండబెట్టాలో తేల్చేది అతనే. తాత పోయాక పొలం కౌలు అవ్వ పేరు మీదికొచ్చింది కాబట్టి ఆమెకూ ఒక చెయ్యి ఉండేది.

సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన ఏడాది మీటింగులు బందన్నారు. సర్దారును మేమే పెడతామని చక్కెర మిల్లు నుంచి కబురొచ్చింది. మగవాళ్ళు గుసగుసలాడి ఊరుకున్నారు. అవ్వ ఊరుకోలేదు. మా చేలో కలుపు నరకడానికి ముఠా మొత్తాన్ని పిలిచింది. "పని చేసుకుంటే మీటింగెట్లయితది?" అంది. అందరూ ఎవరి సాలులో వాళ్ళుండగా గట్టెక్కి, ముందు మా చిన్నాన్న పేరు కేకేసింది. చేతులకు బదులు కొన్ని కత్తులు లేచాయి, అన్నిటికంటే ఎత్తు అవ్వదే. తర్వాత నారాయణ పేరు పిలిచింది. అతని ఎద్దు మా చిక్కుడు పాదు మేసినప్పటి నుంచి అవ్వకూ అతనికీ మాటల్లేవు. చేను నిండా కత్తులు లేచాయి.

ఎవరు చెప్పారో ఏమో, మధ్యాహ్నానికి మిల్లు మనిషి తుపాకీ సిపాయిలను వెంటబెట్టుకుని వచ్చాడు. అతనూ తెలుగువాడే. నేను భయంతో అవ్వ చీర పట్టుకున్నాను.

"గొడవెందుకు పెద్దమ్మా, నీ కొడుకు పేరే రాసుకుంటాలే."

"నా కొడుకు ఓడిండు. నారాయణ పేరు రాయి."

"నీకూ అతనికీ పడదంట కదా?"

"పడదు. అయినా సర్దారు ఆయనే."

చేలో ఒక్కరూ కదల్లేదు. వేరే ఎవర్ని పెట్టినా కత్తి పట్టేవాడు ఉండడని అతనికి అర్థమైనట్టుంది, నారాయణ పేరే రాసుకుని పోయాడు. చిన్నాన్న అలిగి అన్నం మానేశాడు. అవ్వ మాత్రం పులుసు మారు వడ్డించుకుంది. అంత గర్వం నాకు మళ్ళీ ఎవర్ని చూసీ కలగలేదు.

ఇప్పుడా పల్లె లేదు. కౌలు గడువులు తీరి చేలు బీడుపడ్డాయి, జనం సిడ్నీకీ బ్రిస్బేన్‌కీ చెదిరిపోయారు, ఆ చాపా ఆ మసీ అవ్వ మాటా అన్నీ పోయాయి. మొన్న తొలి ఓటుకు వచ్చిన మా అమ్మాయి క్యూలో నవ్వింది. "మమ్, యువర్ క్యాండిడేట్ ఆల్వేస్ లూజెస్. వై బాదర్?"

"ఓడిపోయే హక్కు కోసమే మీ ముత్తవ్వ తుపాకీల ముందు నిలబడింది" అన్నాను.

కాగితం పెట్టెలో వేసి, అందరూ చూస్తుండగానే చెయ్యి పైకెత్తాను.

"మమ్, ప్లీజ్!" అంది అమ్మాయి.

దించలేదు.